వంట, వ్యాయామం, ఒక కోరిక: మూడూ ఒకే వారంలో ఇమిడేదెలా

ఇంట్లో వండుకు తినాలి, రోజూ కాస్త ఒళ్లు వంచాలి, ఎప్పటి నుంచో మనసులో ఉన్న ఆ ఒక్క పనీ మొదలుపెట్టాలి. ఈ మూడూ అనుకోని మనిషి అరుదు. మూడింటినీ ఒకే సోమవారం మొదలుపెట్టి గురువారానికి మూడింటినీ వదిలేసేవాళ్లు మాత్రం ఎటు చూసినా కనిపిస్తారు. దాన్ని ఆరంభశూరత్వం అని తేలిగ్గా కొట్టిపారేస్తాం. నిజానికి చాలాసార్లు అక్కడ లోపించేది పట్టుదల కాదు, లెక్క. మూడు పనులకూ మనం రాసిపెట్టుకునే సమయం ఒకటే: పని ముగించుకుని ఇల్లు చేరాక, నిద్రపోయే ముందు. ఆ రెండు మూడు గంటల మీద మూడు సంకల్పాలు వచ్చి పడితే ఒకటే నిలబడుతుంది. ఆకలి ఆగదు కాబట్టి నిలబడేది సాధారణంగా వంట. ఓపిక మరీ లేని రోజున అదీ ఉండదు, బయటి తిండి వస్తుంది.

అందుకని ఇక్కడ చెప్పబోయేది ముఖ్యంగా ఏ పనిని ఏ గంటలో పెట్టాలన్నది. నేను చెప్పే వరుస ఇది: ముందు కోరికకు చోటు చూడండి, తర్వాత వంటకు, మిగిలిన సందుల్లో వ్యాయామానికి. ఇది ప్రాముఖ్యాన్ని బట్టి పెట్టిన వరుస కాదు, పని స్వభావాన్ని బట్టి పెట్టింది. వ్యాయామాన్ని ముక్కలు చేసుకోవచ్చు. వంటను ముందే చేసి దాచుకోవచ్చు. కొత్త విద్య నేర్చుకోవడం, రాయడం, పరీక్షకు చదవడం లాంటివి మాత్రం అలసిన బుర్రతో సాగవు, రెండు రోజులవి కలిపి ఒకే రోజు చేద్దామన్నా కుదరవు.

మొదటి అడుగు: మూడు రోజులు ఊరికే రాసుకోండి

ఈ మూడు రోజులూ ఏమీ మార్చవద్దు. ఒక కాగితం వంటగదిలో పెట్టుకుని మూడు సంగతులే రాయండి. వంటగదిలోకి ఎప్పుడు అడుగుపెట్టారు, ఎప్పుడు బయటికి వచ్చారు. అందులో చేతులు నిజంగా పనిలో ఉన్నది ఎంతసేపు, ఏదో ఉడకడం కోసం ఎదురుచూసింది ఎంతసేపు. ఇక మూడోది, రోజు మొత్తంలో మీ బుర్ర చురుగ్గా ఉన్న ఒక గంట ఏది.

రెండో సంగతి దగ్గర చాలామంది ఆశ్చర్యపోతారు. గంటసేపు వండాననుకున్న రోజున తరగడానికీ కలపడానికీ పోయింది కొంతే. మిగిలిందంతా మూత పెట్టిన గిన్నె పక్కన నిలబడి ఫోను చూసిన సమయం, లేదా ఫ్రిజ్ తలుపు తెరిచి ఏం వండాలా అని ఆలోచించిన సమయం. మొదటిది వ్యాయామానికి పనికొస్తుంది. రెండోదాన్ని పూర్తిగా తీసేయవచ్చు. ఎలాగో కింద వస్తుంది.

చురుకైన గంట అందరికీ తెల్లవారుజామునే ఉంటుందని అనుకోకండి. కొందరికి రాత్రి తొమ్మిది దాటాకే బుర్ర వెలుగుతుంది. ఉదయాన్నే లేచేవాళ్లంతా గొప్పవాళ్లు, మిగతావాళ్లు సోమరులు అన్న ప్రచారాన్ని పక్కనపెట్టి మీ కాగితం చెప్పింది నమ్మండి.

రెండో అడుగు: కోరికను ఒక వాక్యంలోకి దించండి

"ఈ ఏడాది బొమ్మలు వేయడం నేర్చుకోవాలి" అన్నది కోరిక. దాన్ని పనిగా మార్చాలంటే మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి. "పొద్దున ముఖం కడుక్కోగానే, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా కనిపించే ఒక వస్తువును పెన్సిల్‌తో గీస్తాను." ఇలా రాసుకున్నప్పుడు ఆ సమయం వచ్చేసరికి నిర్ణయించుకోవాల్సింది ఏమీ మిగలదు. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తానని ముందే ముడివేసుకోవడం ఎంతగా ఉపకరిస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ఒక వ్యాసంలో వివరించారు. ఆ తర్వాత దీని మీద చాలా పరిశోధన జరిగింది. ముడి వేసే సంఘటన గడియారం కంటే గట్టిదై ఉండాలి. "ఆరు గంటలకు" అని రాసుకుంటే ఆరూ పది కాగానే ఇక ఈ రోజుకు తప్పిపోయిందనిపిస్తుంది. "ముఖం కడుక్కోగానే" అంటే తప్పించుకోవడం కష్టం.

ఎంత సమయం పెట్టాలి? మొదటి నెల ఇరవై ఐదు నిమిషాలు చాలు. గంట పెట్టుకోవాలని చేయి లాగుతుంది, లాగనివ్వకండి. ఉద్యోగం చేసుకుంటూనే రచన సాగించడానికి మంచి ఉదాహరణ 19వ శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రొలోప్. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, తెల్లవారి 5:30కు బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. మొత్తం 47 నవలలు రాశాడు. అయితే ఈయన్ని ఆదర్శంగా చూపించేవాళ్లు ఒక చిన్న సంగతి దాటేస్తుంటారు: పొద్దున లేపి కాఫీ అందించడానికి ఆయనకు పనివాడు ఉండేవాడు, ఆ లేపే పనికి విడిగా జీతం కూడా ఇచ్చేవాడు. మీ కాఫీ మీరే పెట్టుకుని, మీ అన్నం మీరే వండుకుంటున్నప్పుడు ఆయనలా రోజూ మూడు గంటలకు బదులు ఇరవై ఐదు నిమిషాలు పెట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

గడువు విషయంలో మాత్రం మీ అంచనాను మీరే నమ్మకండి. మనం మన పనులకు పట్టే కాలాన్ని తక్కువ వేసుకుంటామని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లోనే రాశారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో విద్యార్థులను వాళ్ల సిద్ధాంత వ్యాసం ఎన్ని రోజుల్లో ముగుస్తుందని అడిగితే సగటున 33.9 రోజులన్నారు. నిజంగా పట్టింది సగటున 55.5 రోజులు. అంటే ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువే. మీరు ఆరు నెలలనుకున్న పనికి కాగితం మీద పది నెలలు రాసుకోండి. ముందే అయిపోతే ఎవరూ ఏమీ అనరు.

కోరికలు నాలుగైదు ఉంటే? ఒకటే పైకి తీయండి. మిగతావి ఒక పుస్తకం చివరి పేజీలో రాసి అక్కడే ఉండనివ్వండి. పక్కన పెట్టడమంటే చెరిపేయడం కాదు.

మూడో అడుగు: వంట వారానికి రెండుసార్లు

రోజూ తాజాగా వండుకునే తీరిక ఉన్నవాళ్లకు ఈ భాగం అక్కర్లేదు. మిగతావాళ్లకు నా సలహా: వారానికి రెండు పూటలు పెద్ద వంట, మిగతా రోజుల్లో పావుగంటకు మించని చిన్న వంట. వారానికి ఒకేసారి వండితే ఇంకా తీరిక దొరుకుతుంది కదా అనవచ్చు. వండిన పదార్థం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచడం మంచిది కాదు. ఆదివారం వండింది శనివారం తినడం కంటే రెండు విడతలుగా వండటమే సుఖం. ఏడు రోజులకు ఒకే రుచి భరించాల్సిన బాధ కూడా తప్పుతుంది.

పెద్ద వంటలో ఏడు రకాల వంటకాలు వండకండి. మూడు మూలపదార్థాలు చాలు: ఒక ధాన్యం, ఒక పప్పుదినుసు, ఒక మూకుడు నిండా వేయించిన కూరగాయలు. వీటిని దాదాపు ఏ మసాలా లేకుండా వండి పెట్టుకుంటే ఒక రోజు పులుసులా, ఒక రోజు కలిపిన అన్నంలా, మరో రోజు గుడ్డుతో కలిపి పొడికూరలా మార్చుకోవచ్చు. రుచి చివరి పది నిమిషాల్లో వస్తుంది. ఎక్కువ సమయం తినేసే ఉడకడం ముందే అయిపోయి ఉంటుంది.

ఆ పూట పని వరుస ఇలా ఉండాలి. ముందు రోజు రాత్రి గింజలు నానబెట్టండి. వంటగదిలోకి రాగానే అన్నిటి కంటే ఎక్కువసేపు ఉడికేది పొయ్యి మీదికి ఎక్కించండి, తరగడం తర్వాత. చాలామంది ముందు తరుగుతూ కూర్చుని, అంతా సిద్ధమయ్యాక పొయ్యి వెలిగిస్తారు. ఇరవై నిమిషాలు అక్కడే పోతాయి. గింజలు ఉడుకుతుండగా ధాన్యం కడిగి పెట్టండి, అది ఉడుకుతుండగా కూరగాయలు తరగండి. ఎర్ర రాజ్మా వాడేట్లయితే ఒక జాగ్రత్త: కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించాలి. ఆ తర్వాతే మంట తగ్గించవచ్చు. ఆ గింజల్లో ఉండే ఒక సహజ విషపదార్థం సన్నని సెగ మీద నశించదు. అరకొరగా ఉడికిన కొన్ని గింజలు తిన్నా వాంతులవుతాయి.

వేయించడం దగ్గర కాస్త ఆగాలి, ఇంటి వంట చప్పగా ఉందనే ఫిర్యాదు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. నూనె వేడెక్కాక నాలుగు ముక్కలు వేయండి. చుయ్‌మని గట్టిగా వినిపిస్తుంది. ఆ నాలుగు ముక్కల అంచులు కాసేపటికి బంగారు రంగుకు తిరుగుతాయి. ఇప్పుడు మిగిలినవన్నీ ఒక్కసారిగా కుమ్మరించండి. చప్పుడు పడిపోతుంది, బుడబుడమని అడుగున నీళ్లు చేరతాయి, ముక్కలు పాలిపోయి మెత్తబడతాయి. కారణం చిన్నదే. కూరగాయల్లోంచి వచ్చే నీరు ఆవిరైపోయేదాకా మూకుడులో వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. ముక్కలు ఎర్రబడి కమ్మటి వాసన రావడానికి సుమారు 140 డిగ్రీలు కావాలి. చక్కెరలూ మాంసకృత్తుల మూలకాలూ వేడికి కలిసి జరిపే ఈ మార్పును 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ పేరే దానికి పెట్టారు. కాబట్టి మూకుడు అడుగు కనిపించేంత ఎడంగా, రెండు విడతలుగా వేయించండి. విడతకో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముక్కలు వేసిన వెంటనే కలపడం మొదలుపెట్టకండి, ఒక పక్క రంగు తిరిగేదాకా వదిలేయండి. చెవితో వండటం అలవాటైతే పొయ్యి వైపు చూడకుండానే ఎప్పుడు తిప్పాలో తెలుస్తుంది.

ఉప్పు సగమే ముందు వేయండి. ఉడికేకొద్దీ నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది, మిగతాది చివర రుచి చూసి కలపండి. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే దాదాపు ఒక చిన్న చెంచాడు, అన్ని పూటలకూ కలిపి. కూర చప్పగా అనిపించినప్పుడు చేయి ఉప్పు డబ్బా మీదికి వెళ్లేలోపు కాస్త పులుపు పిండి చూడండి. సగం సార్లు కావలసింది అదే.

వండినవాటిని దాచే పద్ధతి వంటంత ముఖ్యం. లోతైన గిన్నెలో నిండుగా ఉంచితే మధ్యభాగం గంటల తరబడి వేడిగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా బాగా పెరుగుతుంది కాబట్టి ఆ మధ్యస్థితిని త్వరగా దాటించాలి. వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెల్లోకి పలుచగా సర్దండి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎట్టి పరిస్థితిలోనూ రెండు గంటలకు మించి బయట ఉంచకండి. అన్నం విషయంలో ఇంకా తొందర కావాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేసిన అన్నంలో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నాన్ని పొద్దున పొగలు కక్కేలా వేడిచేశాను కదా అనుకుంటే సరిపోనిది అందుకే. ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని ఆ పూటకు కావలసినంతే తీసి, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడిచేయండి. వేడిచేసింది మిగిలితే మళ్లీ దాచకండి.

ఫ్రిజ్ ముందు నిలబడి ఆలోచించే సమయాన్ని తీసేస్తానన్నాను. దానికి రెండు పనులు చేయాలి. పెద్ద వంట పూటే, రాబోయే మూడు రోజులకు ఏ రోజు ఏమిటో ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. రెండోది, కళ్లు మూసుకున్నా చేయగలిగిన ఒక పది నిమిషాల వంటకాన్ని మీదంటూ పెట్టుకోండి, దానికి కావలసినవి ఇంట్లో ఎప్పుడూ ఉండేలా చూసుకోండి. అది గొప్పగా ఉండక్కర్లేదు. ఆకలి రుచి ఎరుగదన్నారు కదా, దాన్ని నమ్ముకోండి.

నాలుగో అడుగు: పొయ్యి పక్కన వ్యాయామం

ముందు ఎంత కావాలో తెలుసుకుంటే భయం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ అవసరం. వీటికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయాలి. ఓ మోస్తరు శ్రమ అంటే కొలవడం తేలిక: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతకు ముందు, 2010 నాటి సూచనల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న నియమం ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. మూడు నిమిషాల మెట్లెక్కడం కూడా లెక్కకు వస్తుంది. వారంలో ఐదు రోజులు పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు వేగంగా నడిస్తే 100 నిమిషాలు. సెలవు రోజున మరో 50 నిమిషాల నడక కలిస్తే 150 పూర్తయింది. రోజుకు పదివేల అడుగులు వేయలేకపోతున్నానని కుంగిపోయేవాళ్లకు ఒక మాట: ఆ అంకె వైద్య పరిశోధనలోంచి పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల కొలమానానికి పెట్టిన పేరు అది. అంతకంటే తక్కువ నడిచినా మేలు ఉంటుంది.

నడకను మీరు ఎలాగూ వెళ్లే దారుల్లో పెట్టుకోండి. బలం పెంచే వ్యాయామాలను వంటగదిలో పెట్టుకోండి, గిన్నె ఉడికే సమయంలో. ఇక్కడ ఒక్క కట్టుబాటు: మూత పెట్టి సన్నని సెగ మీద నీటిలో ఉడికే పదార్థం ఉన్నప్పుడే చేయండి. మూకుడులో నూనె కాగుతున్నప్పుడు, ఏదైనా వేయిస్తున్నప్పుడు చేయవద్దు, పొయ్యి మీద నుంచి దృష్టి తిప్పనేవద్దు.

మూడు కదలికలు సరిపోతాయి: నెట్టడం, లేవడం, లాగడం.

నెట్టడానికి వంటగట్టు ఉంది. పొయ్యికి దూరంగా, తడి లేని చోట గట్టు అంచున రెండు అరచేతులూ భుజాల వెడల్పులో ఆనించండి. పాదాలను వెనక్కి జరుపుకుంటూ వెళ్లండి. తల నుంచి మడమల దాకా ఒకే గీతలా ఉండాలి, నడుము కిందికి జారకూడదు, పిరుదులు పైకి లేవకూడదు. మనసులో మూడు లెక్కపెడుతూ ఛాతీని అంచు దగ్గరికి దించండి, ఒక్క లెక్కలో పైకి నెట్టండి. మోచేతులు రెక్కల్లా పక్కలకు చాచకుండా కొద్దిగా ఒంటి వైపు ఉంచితే భుజాలకు ఇబ్బంది ఉండదు. ఎనిమిదో సారికి చేతులు వణికితే ఎనిమిది దగ్గరే ఆగండి. పన్నెండు సులువుగా వచ్చిన రోజున గట్టుకు బదులు అంతకంటే కిందున్న గట్టి బల్ల వాడండి. ఎత్తు తగ్గేకొద్దీ మోయాల్సిన బరువు పెరుగుతుంది. డబ్బు పెట్టి కొనాల్సిందేమీ లేదు.

లేవడమంటే కుర్చీలోంచి లేవడమే, చేతుల సాయం లేకుండా. గోడకు ఆనించిన కదలని కుర్చీ ముందు నిలబడి, మెల్లగా కిందికి దిగి, పిరుదులు కుర్చీని తాకగానే, పూర్తిగా కూలబడకుండా మళ్లీ లేవండి. మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా పాదాల వేళ్ల దిశలోనే ఉండాలి. దిగేటప్పుడు తొందరపడకపోతే పదిసార్లకే తొడలు మాట్లాడతాయి.

లాగడానికి ఒక సంచిలో పుస్తకాలు నింపండి. ఎడమ చేయి బల్ల మీద ఆనించి, వీపు వంకర పోకుండా ముందుకు వంగి, కుడిచేత్తో సంచిని నడుము దాకా లాగి మెల్లగా దించండి, తర్వాత చేయి మార్చండి. రోజంతా తెర ముందు కూర్చునేవాళ్లు మిగతా రెండూ మానేసినా ఇది మానవద్దు.

మూడూ రెండేసి విడతలు చేస్తే పదిహేను నిమిషాల్లోపే అయిపోతుంది. పెద్ద వంట రెండు పూటలే ఈ రెండు వ్యాయామ పూటలు కూడా కాబట్టి విడిగా సమయం వెతకక్కర్లేదు. మొదటి వారం కండరాలు నొప్పి పెడతాయి. ఆ నొప్పి వెంటనే కాకుండా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎక్కువవుతుంది, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. కీలులో సూదిలా పొడిచే నొప్పి వేరు, అది వస్తే ఆపేయాలి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స అయినవాళ్లు ముందు డాక్టరును అడగండి.

భోజనం అయ్యాక కాసేపు తీరుబడిగా నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది. వేగం అక్కర్లేదు, ఇంట్లోనే అటూ ఇటూ తిరిగినా చాలు.

ఐదో అడుగు: బాగోలేని రోజుకు వేరే పట్టిక

మంచి రోజును దృష్టిలో పెట్టుకుని రాసిన పట్టిక జ్వరం వచ్చిన రోజున, బంధువులు దిగిన రోజున, పని ఆలస్యమైన రోజున చిరిగిపోతుంది. అందుకే రెండో పట్టిక ముందే రాసి పెట్టుకోండి. కోరికకు ఐదు నిమిషాలు: ఒక గీత, ఒక వాక్యం, ఒక లెక్క. వంటకు ఆ పది నిమిషాల వంటకం. వ్యాయామానికి కుర్చీలోంచి పదిసార్లు లేవడం. జ్వరంలో మాత్రం ఇదీ వద్దు, పడుకోండి.

ఒక రోజు పూర్తిగా తప్పితే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందిని గమనించి రాసిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక్కసారి మానేసినందువల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. నీళ్లు తాగడం లాంటి పనుల కంటే వ్యాయామం అలవాటవడానికి ఎక్కువ కాలమే పట్టింది. మరి 21 రోజులన్న మాట ఎక్కడిది? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. "కనీసం" అన్న మాట ఎక్కడో జారిపోయింది, ముక్కు సంగతి కాస్తా అందరి అలవాట్లకూ సూత్రమై కూర్చుంది. ఇరవై రెండో రోజున కూడా బద్ధకంగా ఉంటే మీలో లోపమేమీ లేదు.

రెండు రోజులు వరుసగా తప్పినప్పుడు మాత్రం మూడో రోజు పెద్ద పట్టికకు వెళ్లకండి, చిన్న పట్టికతోనే మళ్లీ మొదలుపెట్టండి. పోయినదంతా ఒకేసారి పూడ్చాలనే ఆవేశమే మళ్లీ మానిపించేది.

ఇంట్లో మిగతావాళ్లు

ఒంటరిగా ఉండేవాళ్లు ఈ భాగం దాటేయవచ్చు. మిగతావాళ్లు ఇప్పటిదాకా రాసినదంతా ఇంట్లో ఒకసారి బయటికి చెప్పాలి. మీ ఇరవై ఐదు నిమిషాలు ఎప్పుడో తెలియకపోతే సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు తాళాలు ఎక్కడని అడుగుతారు. అడిగేవాళ్ల తప్పేమీ లేదు. తినేవాళ్లందరికీ వంటలో వాటా ఉండాలన్నది నా అభిప్రాయం, ఇందులో మొహమాటం వద్దు. "కాస్త సాయం చేయండి" అని గాల్లోకి అంటే ఎవరూ కదలరు. "బుధవారం, శనివారం గింజలు నానబెట్టడం నీ పని, గిన్నెలు సర్దడం నాన్న పని" అని పేరు పెట్టి పంచండి. చిన్న పిల్లలకు కూరగాయలు కడగడం, చీటీ మీద ఆ రోజు వంటకం చదివి చెప్పడం ఇవ్వవచ్చు. పంచిన పని వాళ్లు మీలా చేయకపోతే సరిదిద్దడానికి పరిగెత్తకండి. ఉల్లిపాయ ముక్క కాస్త పెద్దదైనా ఉడుకుతుంది.

అందరికీ సాయంత్రమే తీరిక దొరికే ఇంట్లో చురుకైన గంటలు ఢీకొంటాయి. అప్పుడు రోజు విడిచి రోజు తీసుకోండి, ఒకరు గదిలో ఉంటే మరొకరు వంటగదిలో.

వారానికోసారి లెక్క

రెండో పెద్ద వంట పూట, గింజలు ఉడుకుతుండగానే పది నిమిషాలు కాగితం ముందు కూర్చోండి. మూడు గీతలు గీసి ఏ పని ఎన్ని రోజులు జరిగిందో రాయండి. ఎందుకు తప్పిందో సంజాయిషీలు రాయకండి, ఎప్పుడు తప్పిందో రాయండి. ఆ సమయాలు ఒకే చోట గుమిగూడటం రెండు వారాల్లో కనిపిస్తుంది. ఫలానా రోజు, ఫలానా గంట.

ఒక వారంలో ఒక్కటే మార్చండి. ఒకే పని రెండు వారాలు వరుసగా జారిపోతుంటే ముందు దాని సమయాన్ని మార్చి చూడండి. రాత్రి గంటను పొద్దుటికి, పని నుంచి రాగానే అన్నదాన్ని భోజనం తర్వాతికి. అప్పటికీ జారితే పరిమాణం తగ్గించండి: ఇరవై ఐదు నిమిషాలు పదిహేనుకు, రెండు విడతలు ఒకటికి. అదీ కుదరక ఇంకో నెల గడిచిపోతే, ఆ కోరిక ఇప్పటికి మీది కాదేమో చూసుకోండి. ఎవరో చేస్తున్నారని ఎత్తుకున్నదీ, ఎప్పుడో పదేళ్ల కిందట కావాలనుకున్నదీ ఇలాగే మొరాయిస్తాయి. దాన్ని చివరి పేజీకి పంపేసి, అక్కడ రాసిపెట్టుకున్న వాటిలోంచి ఇంకొకటి పైకి తీసి, దానికి ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అని మళ్లీ వాక్యం రాయండి. వంటా వ్యాయామమూ మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వండి.